బాంబే బీచ్, 2016: రెండు వందల చిన్న భూకంపాల కేస్ స్టడీ

దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో సాల్టన్ సీ అని పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. దాని తూర్పు ఒడ్డున బాంబే బీచ్ అనే చిన్న ఊరు. 2016 సెప్టెంబర్ 26, సోమవారం తెల్లవారుజామున 4 గంటల 3 నిమిషాలకు ఆ ఊరి దగ్గర, సరస్సు అడుగున భూమి కదిలింది. కాసేపటికి మళ్లీ కదిలింది. ఆ తర్వాత ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా భూకంపాలు నమోదయ్యాయి. మ్యాగ్నిట్యూడ్ 1.4 నుంచి 4.3 దాకా ఉంది.

చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు. 4.3 అంటే కాలిఫోర్నియాలో పేపర్లో రెండు లైన్ల వార్త. అయినా 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న లాస్ ఏంజెలెస్‌లో జనానికి, ఇవి పక్కనే ఉన్న శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌ను, అంటే భూమిలోని పెద్ద పగులును, కదిలిస్తాయేమోనని టెన్షన్ పట్టుకుంది. రాష్ట్ర అత్యవసర సేవల విభాగం దక్షిణ కాలిఫోర్నియా కౌంటీలన్నిటినీ అప్రమత్తం చేసింది. శాన్ బెర్నార్డినో నగరం తన సిటీ హాల్‌ను రెండు రోజులు మూసేసింది.

భూకంప డేటా చూసే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట ఇచ్చే కేసు ఇది. పెద్ద భూకంపం వచ్చాక వెనక్కి తిరిగి, ఇదిగో ఇక్కడ సూచన ఉంది అని చూపించడం తేలిక. ఈ కేసులో ఆ వెసులుబాటు లేదు. ఆ వారంలో ఏం తెలుసో దాన్నిబట్టే తీర్పు చెప్పాలి. దీన్లోంచి నేను పట్టుకోమనేవి రెండే విషయాలు. ఎన్ని వచ్చాయన్నది ఆఖర్న చూడాలి, ఎక్కడ వచ్చాయి, ఎటు జరుగుతున్నాయి అన్నది ముందు చూడాలి. రెండోది, బయటికి ఒక సంఖ్య చెబితే మామూలు వారంలో అదే సంఖ్య ఎంత ఉంటుందో పక్కనే చెప్పాలి.

బాంబే బీచ్‌లోలా గుంపుగా వచ్చే భూకంపాలను స్వార్మ్ అంటారు. అదేమిటో ఒక మాట. మామూలుగా ముందు పెద్ద భూకంపం వస్తుంది, దాని వెనక ఆఫ్టర్‌షాక్‌లు వస్తాయి, రోజులు గడిచేకొద్దీ అవి తగ్గుతాయి. ఆ తగ్గుదలకు ఒక క్రమం ఉంది, సూత్రం కూడా ఉంది. స్వార్మ్‌లో నాయకుడు ఉండడు. ఇంచుమించు ఒకే సైజువి పదులు, వందల కొద్దీ వస్తాయి. అన్నిటికన్నా పెద్దది మొదట్లో రావచ్చు, మధ్యలో రావచ్చు, రెండో రోజు రాత్రి రావచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్లీ పుంజుకుంటుంది. ఆఫ్టర్‌షాక్‌ల కోసం రాసుకున్న సూత్రాలు ఇక్కడ సరిగా పనిచేయవు. సమస్యంతా అక్కడే.

చోటు

శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ పేరు వినని వాళ్లుండరు. కాలిఫోర్నియా పొడవునా దాదాపు 1,200 కిలోమీటర్లు సాగే ఈ ఫాల్ట్ దక్షిణాన ఎక్కడ ఆగుతుందో మాత్రం చాలామందికి తెలియదు. అది ఆగేది బాంబే బీచ్ దగ్గరే. అక్కడి నుంచి ఆగ్నేయంగా, ఆ గీతకు కాస్త పడమర పక్కకు జరిగి ఇంపీరియల్ ఫాల్ట్ మొదలై మెక్సికోలోకి పోతుంది. భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు, పసిఫిక్ ప్లేట్, ఉత్తర అమెరికా ప్లేట్, ఒకదాని పక్క నుంచి ఒకటి ఏడాదికి 45 నుంచి 50 మిల్లీమీటర్లు జరుగుతుంటాయి. ఆ జరుగుబాటులో పెద్ద వాటా ఈ రెండు ఫాల్ట్‌లదే.

ఒక ఫాల్ట్ ఆగిపోయి పక్కకు జరిగి ఇంకొకటి మొదలైతే, రెంటి మధ్య ఉన్న నేల రెండు పక్కలకూ లాగబడుతుంది. అలా లాగబడి కుంగిన పల్లమే సాల్టన్ ట్రఫ్. సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి దాదాపు 70 మీటర్లు దిగువన ఉంటుంది. ఇప్పుడున్న సరస్సు 1905లో కొలరాడో నది కాలువ గట్టు తెగి, 1907లో పూడ్చేదాకా నీళ్లు పల్లంలోకి పారడం వల్ల ఏర్పడింది. అంతకుముందు వేల ఏళ్లుగా ఇదే పల్లంలో ఇంకా పెద్ద సరస్సు నిండుతూ ఎండుతూ వచ్చింది. దానికి లేక్ కహూయియా అని పేరు పెట్టారు. గత వెయ్యేళ్లలో అది నిండిన కాలాలకూ, శాన్ ఆండ్రియాస్ దక్షిణ భాగం కదిలిన కాలాలకూ పొంతన కనిపిస్తోందని 2023లో ఒక పరిశోధన వచ్చింది. ఆ సంగతి వేరే చర్చ, ఇక్కడ వదిలేస్తాను.

ఈ పల్లంలో కింద మరో కథ నడుస్తోంది. నేల సాగి పలచబడిన చోట వేడి పైకి వస్తుంది. 1985-86లో శాస్త్రీయ పరిశోధన కోసం సరస్సు ఒడ్డున తవ్విన బావిలో సుమారు 3.2 కిలోమీటర్ల లోతున 355 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలింది. దక్షిణ ఒడ్డున చిన్న అగ్నిపర్వత గుట్టలున్నాయి. అందుకే అక్కడ భూగర్భ వేడితో కరెంటు తీసే జియోథర్మల్ ప్లాంట్లు పదికి పైగా వెలిశాయి. భూకంపాల కోణంలో చూస్తే ఈ వేడి వల్ల రెండు ఫలితాలున్నాయి. రాయి పెళుసుగా విరిగే మందం తక్కువ, కాబట్టి భూకంపాలు లోతు లేకుండా పైపైనే వస్తాయి. రాళ్ల సందుల్లో వేడి ద్రవాలు తిరుగుతూ ఉంటాయి, అవి ఫాల్ట్‌లను లోపలి నుంచి నెట్టగలవు.

శాన్ ఆండ్రియాస్‌కూ ఇంపీరియల్ ఫాల్ట్‌కూ మధ్య ఉన్న ఈ భాగాన్ని బ్రాలీ సీస్మిక్ జోన్ అంటారు. మ్యాప్ మీద ఇది నిచ్చెనలా కనిపిస్తుంది. పొడవు కర్రలు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, మెట్లు ఈశాన్యం నుంచి నైరుతికి. స్వార్మ్‌లు ఎక్కువగా మెట్ల మీద వస్తాయి. ఒక్కో మెట్టు చిన్నది కాబట్టి దాని మీద వచ్చే భూకంపం కూడా చిన్నదే. భయమంతా పై మెట్టు గురించే, ఎందుకంటే దాని కొస ఆనుకున్నది శాన్ ఆండ్రియాస్‌కి.

ఆ దక్షిణ భాగం చివరిసారి పెద్దగా తెగి దాదాపు 300 ఏళ్లయింది. అంతకుముందు రికార్డు చూస్తే సగటున రెండు వందల ఏళ్ల లోపే ఒకసారి తెగుతూ వచ్చింది. 2008లో అమెరికా జియోలాజికల్ సర్వే, మరికొన్ని సంస్థలు కలిసి షేకౌట్ పేరుతో 7.8 భూకంపాన్ని ఊహించి నష్టం అంచనా వేశాయి. సుమారు 1,800 మరణాలు, 200 బిలియన్ డాలర్లకు పైగా నష్టం అని లెక్క తేలింది. ఆ ఊహాత్మక భూకంపం మొదలయ్యే చోటుగా ఎంచుకున్నది బాంబే బీచ్‌నే. ఫాల్ట్ దక్షిణ కొస నుంచి తెగడం మొదలై వాయవ్యంగా పరిగెడితే, తరంగాల శక్తి కూడా ఆ దిక్కుకే పోగుపడి లాస్ ఏంజెలెస్ కింద ఉన్న మెత్తటి మట్టి లోయల్లోకి వెళ్తుంది. 2016లో స్వార్మ్ వచ్చింది ఆ కొసకు కొన్ని కిలోమీటర్ల దూరంలో.

పాత లెక్కలు

సాల్టన్ సీకి దక్షిణాన ఉన్న ఇంపీరియల్ వ్యాలీ రికార్డు మన ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలియకుండానే పరిచయం. 1940 మే 18న ఇక్కడ 6.9 భూకంపం వచ్చినప్పుడు ఎల్ సెంట్రో ఊళ్లోని పరికరం ఆ కుదుపును నమోదు చేసింది. అంత దగ్గర నుంచి పెద్ద భూకంపాన్ని పట్టిన తొలి రికార్డుల్లో అదొకటి. హైదరాబాద్‌లో, విశాఖలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ ఎంటెక్ చేసినవాళ్లలో సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎల్ సెంట్రో ఫైల్‌ను ఒక్కసారైనా లోడ్ చేయనివాళ్లు అరుదు. 1979 అక్టోబర్‌లో అదే ఇంపీరియల్ ఫాల్ట్ మళ్లీ తెగింది, ఈసారి 6.5 దాకా. అప్పుడు పరికరాలు అమర్చి ఉన్న ఆరంతస్తుల కౌంటీ భవనం దెబ్బతింది. నిజమైన భవనం ఎలా దెబ్బతింటుందో లోపలి నుంచి రికార్డయిన కేసుగా అది ఇప్పటికీ క్లాసుల్లో నడుస్తోంది.

స్వార్మ్‌లు కూడా కొత్తవేం కావు. 1981లో వెస్ట్‌మోర్లాండ్ దగ్గర వరుస ప్రకంపనల్లో 5.9 వచ్చింది. 2005 ఆగస్టు చివర్లో అబ్సిడియన్ బ్యూట్ దగ్గర వెయ్యికి పైగా వచ్చాయి, పెద్దది 5.1. 2012 ఆగస్టు 26న బ్రాలీ ఊరి దగ్గర గంటన్నర తేడాలో 5.3, 5.4 వచ్చి ఇరవై వరకు మొబైల్ ఇళ్లు పునాదుల మీంచి జరిగిపోయాయి. వీటిలో ఏదీ శాన్ ఆండ్రియాస్‌ను కదిలించలేదు. కానీ ఇవన్నీ నిచ్చెన కింది మెట్ల మీద వచ్చినవి. బాంబే బీచ్ కొసకు ఆనుకుని వచ్చినవాటిని విడిగా లెక్కపెట్టాలి. అక్కడ 1932లో పరికరాలు పెట్టినప్పటి నుంచి అలాంటివి 2001లో ఒకటి, 2009 మార్చిలో ఒకటి, 2016ది మూడోది. 2009లో పెద్దది 4.8. కానీ సంఖ్యలో 2016ది ఆ రెంటినీ దాటింది.

అప్పటికి మూడే మూడు. దాని మీద గణాంకాలు కట్టలేం. “ఇంతకుముందు రెండుసార్లు ఏం కాలేదు కదా” అన్న వాదన వినడానికి బాగుంటుంది కానీ, వందలో ఒక వంతు అవకాశం ఉన్న సంఘటన రెండుసార్లు జరగకపోవడంలో వింతేముంది?

నన్ను ఎప్పుడూ ఆపేది 1987. ఆ ఏడాది నవంబర్ 23 సాయంత్రం సాల్టన్ సీ పడమర పక్కన ఎల్మోర్ రాంచ్ ఫాల్ట్ మీద 6.2 వచ్చింది. అది మెట్టు తరహా ఫాల్ట్, ఈశాన్య-నైరుతి దిక్కున ఉంటుంది. దాదాపు 11 గంటల తర్వాత, మర్నాడు తెల్లవారుజామున, దానికి అడ్డంగా ఉన్న సూపర్‌స్టిషన్ హిల్స్ ఫాల్ట్ మీద 6.6 వచ్చింది. ఇక్కడ మెట్టు కదిలి కర్రను కదిలించింది. అడ్డ ఫాల్ట్ జరిగినప్పుడు ప్రధాన ఫాల్ట్‌ను బిగించి పట్టుకున్న ఒత్తిడి ఒకచోట సడలుతుంది. అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న ఫాల్ట్‌కి ఆ సడలింపు చాలు. 11 గంటల ఆలస్యం ఎందుకన్న దానికి రాళ్ల సందుల్లో ద్రవాలు మెల్లగా సర్దుకోవడం ఒక కారణం అయి ఉండవచ్చని అంటారు. కాబట్టి ఈ ప్రాంతంలో చిన్న అడ్డ ఫాల్ట్ పెద్దదాన్ని లేపగలదు అన్నది ఊహ కాదు, జరిగిన సంగతి. అయితే అక్కడ లేపింది 6.2. 2016లో మన చేతిలో ఉన్నది 4.3. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

మొదటి గంటల పని

ఇలాంటి స్వార్మ్ మొదలైనప్పుడు తెర మీద ఆటోమేటిక్ లొకేషన్లు వచ్చి పడుతుంటాయి. వాటిని అలాగే నమ్మడం ప్రమాదం. ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి. స్వార్మ్ సరస్సు కింద ఉంది, పరికరాలు ఒడ్డున ఉన్నాయి. సరిగ్గా పైన స్టేషన్ లేకపోతే లోతు అంచనా ఊగుతుంది. రెండోది, కింద కిలోమీటర్ల మందాన నది తెచ్చిన మెత్తటి మట్టి, ఇసుక. తరంగాలు వాటిలో నెమ్మదిగా నడుస్తాయి. రాష్ట్రమంతటికీ వాడే సగటు వేగాలు ఇక్కడ పెడితే లోతు తప్పుగా వస్తుంది.

కాబట్టి ముందు చేసే పని పక్కపక్క భూకంపాలను ఒకదానితో ఒకటి పోల్చి తిరిగి స్థానం కట్టడం. రెండు భూకంపాలు దగ్గరదగ్గరగా వస్తే ఒకే స్టేషన్‌కు వాటి తరంగాలు ఇంచుమించు ఒకే దారిలో వెళ్తాయి. దారిలో ఉన్న తప్పు రెంటికీ ఒకటే కాబట్టి అది కొట్టుకుపోతుంది. అప్పటిదాకా మబ్బులా పరుచుకున్న చుక్కలు గీతలుగా దగ్గరపడతాయి. 2016 స్వార్మ్‌ను అలా చూస్తే తేలింది ఏమిటంటే, భూకంపాలు సుమారు 4 నుంచి 9 కిలోమీటర్ల లోతులో ఉన్నాయి, గీతలు ఈశాన్య-నైరుతి దిక్కున ఉన్నాయి. అంటే శాన్ ఆండ్రియాస్ మీద కాదు, దానికి అడ్డంగా ఉన్న చిన్న ఫాల్ట్‌ల మీద. ఆ ఒక్క మాటతో కొంత ఊపిరి పీల్చుకోవచ్చు, పూర్తిగా కాదు.

తర్వాత చూడాల్సింది కదలిక. కాలం ఒక పక్క, ఫాల్ట్ వెంబడి దూరం ఒక పక్క పెట్టి చుక్కలు గీస్తే స్వార్మ్ ఎటు పాకుతోందో తెలుస్తుంది. గంటకు వంద మీటర్ల నుంచి కిలోమీటరు వేగంతో పాకుతుంటే, కింద ఫాల్ట్ చప్పుడు లేకుండా మెల్లగా జరుగుతోందని అనుమానించాలి. రోజుకు కొద్ది మీటర్లు, పదుల మీటర్లు మాత్రమే అయితే ద్రవం చొచ్చుకుపోవడం వల్ల అనుకోవచ్చు. ఏ కారణమైనా నాకు కావలసిన జవాబు ఒక్కటే: అది శాన్ ఆండ్రియాస్ కొస వైపు పోతోందా, దూరంగా పోతోందా?

చిన్న, పెద్ద భూకంపాల నిష్పత్తి చూసి “ఒత్తిడి పెరుగుతోంది” అని చెప్పాలని కొత్తవాళ్లకు చాలా ఆత్రంగా ఉంటుంది. మొదటి రోజే ఆ గ్రాఫ్ గీయొద్దని చెబుతాను. 4 దాటిన భూకంపం వచ్చిన వెంటనే దాని తరంగాల రొదలో చిన్నవి మునిగిపోతాయి, కంప్యూటర్ వాటిని పట్టుకోదు. అప్పుడు పెద్దవాటి వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి పెరిగింది ఏమీ ఉండదు, చిన్నవి మన లెక్కలోకి రాలేదంతే. ఎన్ని జారిపోతాయో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 2019లో కాల్‌టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత భూకంపాల తరంగ ఆకారాలను నమూనాలుగా పెట్టి 2008 నుంచి 2017 వరకు దక్షిణ కాలిఫోర్నియా డేటానంతా తిరిగి గాలించారు. 18 లక్షల భూకంపాలు దొరికాయి. మామూలు కేటలాగ్‌లో, అంటే భూకంపాల జాబితాలో, ఉన్నవాటికి దాదాపు పది రెట్లు. 2016 స్వార్మ్‌లో “రెండు వందలు” అన్న సంఖ్యకు కూడా అంతే విలువ ఇవ్వాలి. అది ఆ రోజు మనం పట్టుకోగలిగిన సంఖ్య.

0.03 నుంచి 1 శాతం

సెప్టెంబర్ 27న అమెరికా జియోలాజికల్ సర్వే లెక్క బయటికి వచ్చింది. రాబోయే ఏడు రోజుల్లో ఈ స్వార్మ్ వల్ల దక్షిణ శాన్ ఆండ్రియాస్ మీద 7 లేదా అంతకంటే పెద్ద భూకంపం ప్రేరేపితమయ్యే అవకాశం 0.03 శాతం నుంచి 1 శాతం మధ్య. అంటే మూడు వేలలో ఒకటి నుంచి వందలో ఒకటి వరకు. ఇంత వెడల్పు ఎందుకని జనం అడిగారు. సరైన ప్రశ్నే.

కింది అంచును చేత్తో వేసి చూడొచ్చు. కాలిఫోర్నియాలో ఒక భూకంపం వచ్చాక కొద్ది రోజుల్లో దగ్గర్లోనే దానికంటే పెద్దది వచ్చే అవకాశం సుమారు 5 శాతం అని అనుభవం మీద తేలిన లెక్క. మ్యాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే అంత పెద్ద భూకంపాల సంఖ్య పదో వంతుకు పడిపోతుంది. 4.3 నుంచి 7కు తేడా 2.7, అంటే ఐదు వందల్లో ఒకటి. 5 శాతాన్ని ఐదు వందలతో భాగిస్తే 0.01 శాతం. స్వార్మ్‌లో 4 దరిదాపుల్లోవి ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి కాస్త పైకి జరిపితే 0.02, 0.03 దగ్గర తేలుతుంది. అసలు మోడళ్లు ఇంతకంటే చాలా జాగ్రత్తగా కడతారు, కానీ చేతి లెక్క ఆ పక్కకు చేరకపోతే మోడల్‌ను అనుమానించాలి.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. భూకంపం ఎక్కడ వచ్చినా ఒకటే అన్నట్టు లెక్కగట్టాం. రాష్ట్రం మూల ఎక్కడో పొలం కింద వచ్చిన 4.3కూ, మూడు వందల ఏళ్లుగా బిగిసి ఉన్న ఫాల్ట్ కొసన వచ్చిన 4.3కూ తేడా లేదంటే ఏ భూకంప శాస్త్రవేత్తా ఒప్పుకోడు. ఇంకో తరహా మోడల్ ఆ ఫాల్ట్ గురించే అడుగుతుంది. దీని మీద పెద్ద భూకంపం ఎంత తరచుగా రావాలి? వచ్చేముందు ఫోర్‌షాక్, అంటే ముందస్తు చిన్న భూకంపం, ఇచ్చే అవకాశం ఎంత? ఏమీ లేని రోజుల్లో ఈ చోట ఇలాంటి చిన్న భూకంపాలు ఎంత తరచుగా వస్తాయి? మామూలుగా అరుదుగా వచ్చే చోట ఒకటి వస్తే అది ఫోర్‌షాక్ అయ్యే అనుమానం పెరుగుతుంది. అలా వేస్తే సంఖ్య పై అంచుకు ఎక్కుతుంది. రెండు పద్ధతుల్లో ఏది ఒప్పో తేల్చే డేటా మన దగ్గర లేదు. అందుకే రెండు అంచులూ చెప్పడం నిజాయితీ. సగటు తీసి ఒక్క అంకె చెప్పి ఉంటే నా దృష్టిలో అది తప్పుడు ధీమా అయ్యేది.

ఇక పోల్చి చూసుకునే అంకె. ఏ స్వార్మూ లేని మామూలు వారంలో ఆ ఫాల్ట్ మీద అలాంటి భూకంపం వచ్చే సగటు అవకాశం సుమారు ఆరు వేలలో ఒకటి, అంటే 0.017 శాతం. దాని పక్కన పెడితే కింది అంచు దాదాపు రెండు రెట్లు, పై అంచు అరవై రెట్లు. అరవై రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కానీ పై అంచునే తీసుకున్నా రాకపోవడానికి 99 శాతం అవకాశం ఉంది. ఈ రెండు వాక్యాలూ నిజమే. ఒకటే చెప్పి రెండోది మానేస్తే వినేవాళ్లు భయంతోనో నిర్లక్ష్యంతోనో లేచి వెళ్తారు.

సెప్టెంబర్ 30 ఉదయానికి స్వార్మ్ నెమ్మదించడంతో లెక్క 0.006 నుంచి 0.2 శాతానికి దిగింది. పదునుగా చదివేవాళ్లు ఇక్కడ ఆగుతారు. కింది అంచు మామూలు వారం కంటే తక్కువైంది, స్వార్మ్ వల్ల ప్రమాదం తగ్గిందా? కాదు. ఆ సంఖ్య స్వార్మ్ వల్ల ప్రేరేపితమయ్యే భాగం మాత్రమే. మామూలుగా ఉండే 0.017 దానికి అదనంగా అలాగే ఉంటుంది. ప్రకటనలో “ప్రేరేపితమయ్యే” అన్న మాట ఉంది కానీ చాలా వార్తల్లో అది జారిపోయింది.

సంఖ్య జనంలోకి వెళ్లాక

అక్టోబర్ 4 వరకు అప్రమత్తత కొనసాగింది. శాన్ బెర్నార్డినో సిటీ హాల్ అక్టోబర్ 3, 4 తేదీల్లో మూతపడింది. దీన్ని అప్పట్లో కొందరు ఎగతాళి చేశారు. నాకైతే అది సబబైన నిర్ణయమే అనిపిస్తుంది. ఆ భవనం భూకంపానికి తట్టుకుంటుందా అన్న సందేహం ముందు నుంచీ ఉంది, నగరం శాన్ ఆండ్రియాస్‌ను ఆనుకునే ఉంది. రెండు రోజులు పనులు వాయిదా వేయడానికి అయ్యే ఖర్చు చిన్నది, తప్పిపోతే జరిగే నష్టం పెద్దది. అదే 0.2 శాతం కోసం లాస్ ఏంజెలెస్‌ను ఖాళీ చేయించమని ఎవరైనా అంటే పిచ్చితనం. ఒకే సంఖ్యకు ఒక్కొక్కరి నిర్ణయం ఒక్కోలా ఉండాలి. శాస్త్రవేత్త చేయాల్సింది సంఖ్యను దాని పోలికతో సహా ఇవ్వడం, మూసేయాలా వద్దా అన్నది భవనం సంగతి తెలిసినవాళ్లు తేల్చుకుంటారు.

ఆ వారం బాగా తిరిగిన ఇంకో మాట: చిన్నవి వస్తున్నాయి కాబట్టి ఒత్తిడి తీరిపోతోంది, మంచిదే. దీనికి జవాబు కూడికలోనే ఉంది. మ్యాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 2.7 తేడాకు దాదాపు 11,000 రెట్లు. ఒక్క 7 భూకంపం శక్తి తీరాలంటే 4.3లు పదకొండు వేలు రావాలి. ఈ స్వార్మ్‌లో వచ్చినవి ఒకటో రెండో.

మన దగ్గర 2020 జనవరిలో పులిచింతల పక్కన, సూర్యాపేట జిల్లా చింతలపాలెం మండలంలో వరుస ప్రకంపనలు వచ్చి జనవరి 26 తెల్లవారుజామున 4.6 వచ్చినప్పుడు కూడా అచ్చం ఇవే ప్రశ్నలు వినిపించాయి. పెద్దది వస్తుందా, ఒత్తిడి తీరిపోయిందా అని. కానీ కాలిఫోర్నియా అంకెలు తెచ్చి అక్కడ పెట్టలేం. పులిచింతల ప్లేట్ల సరిహద్దు మీద లేదు. పక్కన తెగడానికి ఎదురుచూస్తున్న వందల కిలోమీటర్ల ఫాల్ట్ లేదు. మామూలు వారంలో పెద్ద భూకంపం వచ్చే అవకాశం ఎన్నో రెట్లు తక్కువ. వాట్సాప్‌లో “అమెరికా శాస్త్రవేత్తలు 1 శాతం అన్నారు” అని తిప్పేవాళ్లు మొదట మర్చిపోయేది ఆ తేడానే. పనికొచ్చేది అంకెలు కాదు, పని చేసే వరస: తాత్కాలిక పరికరాలు దగ్గరగా పెట్టడం, లోతు తేల్చడం, కదలిక చూడడం, ప్రతిరోజూ ఒకే గొంతుతో జనానికి చెప్పడం. పగుళ్లున్న మట్టిమిద్దెలో ఉన్నవాళ్లకు 4.6 కూడా చిన్నది కాదన్న సంగతి వేరే చెప్పాలా?

నడిపించిందేమిటి

2016 స్వార్మ్ దానంతట అదే సద్దుమణిగింది. దాన్ని లోపలి నుంచి నడిపింది ఏమిటన్నది నాకు ఆసక్తికరమైన భాగం. దీనికి మంచి ఆధారాలు పక్క స్వార్మ్‌ల నుంచి వచ్చాయి. 2005 అబ్సిడియన్ బ్యూట్ స్వార్మ్ తర్వాత ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో నేల కదలిక కొలిస్తే, భూకంపాలన్నీ కలిపినా వివరించలేనంత కదలిక కనిపించింది. అంటే ఫాల్ట్‌లో పెద్ద భాగం భూకంపం లేకుండానే మెల్లగా జరిగింది. చిన్న భూకంపాలు ఆ జారుడు అంచుల్లో వచ్చినవి. 2020 సెప్టెంబర్ 30న వెస్ట్‌మోర్లాండ్ దగ్గర వచ్చిన స్వార్మ్‌లో పెద్దది 4.9. దాని మీద తర్వాత వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. నిశ్శబ్ద జారుడు భూకంపాల కంటే కొన్ని గంటల ముందే మొదలైంది, భూకంపాలన్నీ కలిపినదానికంటే ఎక్కువ కదలిక అందులోనే ఉంది, ఆ తర్వాత స్వార్మ్ సాగడానికి ద్రవాలు తోడ్పడ్డాయి.

మనుషుల చెయ్యి కూడా ఉందా అన్న ప్రశ్న ఈ ప్రాంతంలో ఎప్పుడూ ఉంటుంది. జియోథర్మల్ ప్లాంట్లు వేడి ఉప్పునీటిని పైకి తోడి, ఆవిరి తీసుకుని, మిగిలింది తిరిగి భూమిలోకి పంపుతాయి. సాల్టన్ సీ జియోథర్మల్ ఫీల్డులో తోడినదానికీ తిరిగి పంపినదానికీ తేడా ఎక్కువైన కాలాల్లో చిన్న భూకంపాల రేటు కూడా పెరిగిందని 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్ పరిశోధకులు చూపించారు. 2012 బ్రాలీ స్వార్మ్‌కు అక్కడి ఫీల్డులో నీళ్లు పంపడం వల్ల మొదలైన మెల్లటి జారుడు కారణమని మరో బృందం వాదించింది. బాంబే బీచ్ స్వార్మ్ వచ్చిన చోటు ఆ ఫీల్డులకు ఉత్తరాన, సరస్సు అడుగున ఉంది. ఆ ఫలితాలను నేరుగా దీనికి అంటగట్టడం నాకు సరికాదనిపిస్తుంది. ఇక్కడ సహజమైన ద్రవాలకు, సహజమైన జారుడుకు కొదవ లేదు.

మెల్లటి జారుడు అన్న కోణం పనిలోకి తెచ్చే మార్పు ఒకటుంది. భూకంపాలను లెక్కపెట్టి వేసే అంచనా అసలు సరుకును చూడకుండా దాని చప్పుడును మాత్రమే కొలుస్తుంది. జారుడు శాన్ ఆండ్రియాస్ కొసకు తగులుతోందా అన్నది భూకంపాల జాబితాలో దొరకదు, నేల కదలికలో దొరుకుతుంది. ఉపగ్రహం ఆ చోటు మీదుగా మళ్లీ వచ్చేదాకా రోజులు పడుతుంది. జీపీఎస్ స్టేషన్లు ఒడ్డునే ఉన్నాయి, 4.3 స్వార్మ్ తాలూకు జారుడు వాటికి మిల్లీమీటర్లలో తెలియాలి. ఫాల్ట్‌కు అడ్డంగా నేలలో బిగించే క్రీప్‌మీటర్ ఒక్కటే నిమిషాల్లో జవాబివ్వగలదు, అదీ జారుడు పైదాకా వస్తేనే.

2020 ఆగస్టులో బాంబే బీచ్ దగ్గర మళ్లీ స్వార్మ్ వచ్చింది, పెద్దది 4.6. ఈసారి అమెరికా జియోలాజికల్ సర్వే ప్రకటన వరస మారింది. ముందు ఎక్కువ అవకాశం ఉన్న పరిణామం, తర్వాత తక్కువ, ఆఖర్న అతి తక్కువ అవకాశం ఉన్నది, ఇలా మూడు పరిణామాలుగా రాశారు. చదివేవాడికి మొదట తగిలే వాక్యం చాలావరకు జరగబోయేదే. 2021 జూన్‌లో కాలిపాట్రియా దగ్గర 5.3తో ఇంకో స్వార్మ్ వచ్చి పోయింది, అది కింది మెట్ల మీదిది. కొత్తవాళ్లకు ఈ రెంటి మ్యాప్‌లు పేర్లు చెరిపి పక్కపక్కన పెట్టి, దేనికి రాత్రంతా మేలుకోవాలో చెప్పమంటాను. ఎక్కువమంది 5.3 వైపు చూపిస్తారు.